నీటి దారి వదిలాకే పచ్చదనం
పాఠకుల ప్రశ్నలకు నిపుణుల జవాబులు

ఊళ్లు పెరుగుతున్నకొద్దీ చెట్లు, చెరువులు, ఖాళీ నేల గురించి అడిగే పాఠకులు కూడా పెరుగుతున్నారు. ఈ నెల వచ్చిన వాటిలో ఎక్కువమందికి పనికొచ్చే ప్రశ్నలను ఎంచి జవాబులిస్తున్నాం.

మేం అన్నదమ్ములం కలిసి 12 ఎకరాలు లేఅవుట్‌కి ఇస్తున్నాం. డెవలపర్ చూపిన ప్లాన్‌లో 10 శాతం ఖాళీ స్థలం మూడు మూలల్లో ముక్కలుగా ఉంది. పొలం దిగువన పాత కుంట ఒకటి ఉంది. పార్కు ఎక్కడుంటే మేలు?
– ఒక పాఠకుడు, షాద్‌నగర్

ప్లాట్లు గీశాక మిగిలిన మూలలకు పార్కు అని పేరు పెట్టడం మన దగ్గర చాలాకాలంగా జరుగుతున్న తప్పు. మీ ప్లాన్ ఇంకా కాగితం మీదే ఉంది కాబట్టి దిద్దుకోవచ్చు. ముందు సర్వేయరు చేత అర మీటరు తేడాతో ఎత్తుపల్లాల పటం గీయించండి. గట్టి వాన పడుతున్నప్పుడు పొలంలో నిలబడి నీళ్లు ఎటు చేరి ఎటు పోతున్నాయో చూసి, ఆ పటం మీద గుర్తు పెట్టండి. రోడ్లు ఆ దారిని అడ్డుకోకుండా రావాలి, ఖాళీ స్థలం ఆ దారి చివర, కుంటకు ఎగువన, ఒకే ముక్కగా ఉండాలి. పల్లపు చోటును మట్టి పోసి ఎత్తు చేసి ప్లాటుగా అమ్మితే నీళ్లు మాయమైపోవు, పక్క ప్లాటు మీదికి వెళతాయి.

లెక్క వేసి చూద్దాం. 12 ఎకరాలంటే దాదాపు 48,560 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే ఆ నేల మీద పడే నీళ్లు సుమారు 2,430 ఘనపు మీటర్లు. పొలంగా ఉన్నప్పుడు అందులో పావు వంతుకు కాస్త ఎక్కువ, అంటే 680 దాకా బయటికి పారుతుంది. ఇళ్లు, రోడ్లు వచ్చాక మూడింట రెండు వంతుల దగ్గర, సుమారు 1,580 పారుతుంది. తేడా 900 ఘనపు మీటర్లు. ఆ తేడాను మీ లేఅవుట్‌లోనే కాసేపు ఆపగలిగితే దిగువ వాళ్లకు మీవల్ల ఇబ్బంది ఉండదు.

10 శాతం అంటే 1.2 ఎకరాలు. అందులో సగాన్ని, 2,400 చదరపు మీటర్లను, చుట్టూ నేలకంటే 30 సెంటీమీటర్లు లోతుగా చేస్తే 720 ఘనపు మీటర్లు నిలుస్తాయి. రోడ్ల పక్కన సిమెంటు కాలువకు బదులు మీటరు వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు ఉన్న పచ్చిక కాలువ వెయ్యి మీటర్లు వేస్తే ఇంకో 120 దాకా పడతాయి. మిగిలిన 60 ఇళ్ల ఇంకుడు గుంతలు చూసుకుంటాయి. ఆటస్థలం, బల్లలు, నడకదారి పార్కులో ఎత్తుగా ఉన్న సగంలో పెట్టండి. పల్లపు భాగం అంచులు 1:4 వాలుతో, అంటే నాలుగు మీటర్లకు మీటరు దిగేలా ఉంటే పిల్లలు జారిపడరు. 30 సెంటీమీటర్లు దాటిన నీరు కుంటలోకి పోయేలా రాతి అలుగు కట్టండి. నిలిచిన నీరు ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోవాలి, అంతకుమించి ఉంటే దోమలు చేరతాయి. అడుగున గరిక, వట్టివేరు, అంచుల్లో తెల్లమద్ది, నేరేడు, కానుగ బాగుంటాయి. వేపకు నిలవ నీరు పడదు, దాన్ని ఎత్తులో నాటండి.

ఇది పనిచేయకపోవడానికి మామూలుగా రెండు కారణాలుంటాయి. పని జరుగుతున్నన్నాళ్లూ కంకర కుప్పలు, జేసీబీలు, లారీలు ఆ పల్లంలోనే ఆగుతాయి. నేల రోడ్డులా గట్టిపడి చుక్క కూడా ఇంకదు. అందుకే మొదటి రోజే దాని చుట్టూ కర్రలు పాతి తాడు కట్టించండి. నాటేముందు 30 సెంటీమీటర్ల లోతు దున్నించండి. పై మట్టి 15 సెంటీమీటర్లు ముందే తీసి పక్కన కుప్ప పోయించి, చివర్లో అదే పరవాలి. రెండోది, పచ్చిక కాలువను రోడ్డుకంటే ఎత్తుగా కట్టడం. ఏ ఊళ్లో చూసినా మొక్కల పట్టీ చుట్టూ కర్బ్ రాళ్లు పెట్టి లోపల కుప్పగా మట్టి నింపుతారు. వాన పడితే ఆ మట్టి రోడ్డు మీదికి కొట్టుకొస్తుంది, రోడ్డు మీది నీళ్లకు మాత్రం లోపలికి దారి ఉండదు. పట్టీ రోడ్డుకంటే 15 సెంటీమీటర్లు కిందికి ఉండాలి, కర్బ్ రాళ్ల మధ్య ప్రతి 5 మీటర్లకు 30 సెంటీమీటర్ల సందు వదలాలి. వాలు ఎక్కువైతే ప్రతి 15 మీటర్లకు కాలువలో అడ్డంగా చిన్న రాతికట్ట వేయాలి.

ఇక కుంట సంగతి. 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం 10 హెక్టార్లలోపు చెరువు, కుంటలకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 9 మీటర్లు, 10 హెక్టార్లు అంతకు మించిన వాటికి 30 మీటర్లు వదలాలి. 10 మీటర్ల లోపు వెడల్పున్న నాలాకు 2 మీటర్లు, అంతకంటే వెడల్పు వాగుకు 9 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అంటే అలుగు పారేటప్పుడు నీరు నిలిచే హద్దు. ఎండాకాలంలో కనిపించే నీటి అంచు నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. గ్రామ నక్షలో శిఖం భూమి, అంటే చెరువు గర్భం ఎంతవరకూ ఉందో చూసి, నీటిపారుదల శాఖ చేత హద్దులు వేయించుకోండి. నాలాకు 2 మీటర్లు చాలా తక్కువ అని మా అభిప్రాయం. పూడిక తీసే యంత్రం నిలబడడానికే 4 మీటర్లు కావాలి. వీలైతే ఒక పక్కనైనా 5 మీటర్లు వదలండి.

మా ఇంటి డాబా 120 చదరపు మీటర్లు. ఇంకుడు గుంత తవ్వించి రెండేళ్లయింది. ఇప్పుడు పావుగంట వానకే పొంగి గేటు ముందు నీళ్లు నిలుస్తున్నాయి. గుంత 1.5 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 2 మీటర్ల లోతు.
– ఒక పాఠకురాలు, నిజాంపేట

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. గంటకు 50 మిల్లీమీటర్ల వానలో మీ డాబా నుంచి 6,000 లీటర్లు దిగుతాయి, నిమిషానికి వంద. మీ గుంత 4.5 ఘనపు మీటర్లే అయినా అంతా కంకరే కాబట్టి నీటికి మిగిలేది 40 శాతం, అంటే 1,800 లీటర్లు. కొత్తగా ఉన్నప్పుడు నిండుతూనే ఇంకేది. ఇప్పుడు అడుగున పూడిక చేరి ఇంకడం తగ్గింది, నిండడం మాత్రం అలాగే ఉంది.

మూత తీసి పైనున్న ఇసుకను చేత్తో గీకి చూడండి. పైన బంకలాంటి సన్నని గోధుమరంగు పొర ఉంటే జబ్బు అక్కడే ఉంది. పై 5 సెంటీమీటర్ల ఇసుక తీసేసి కొత్త దొడ్డు ఇసుక వేస్తే చాలావరకు కుదురుకుంటుంది. ఏటా మే నెలలో ఈ పని చేయాలి. ఇసుకే కనిపించకపోతే అది కంకర సందుల్లోకి జారిపోయినట్టే. అప్పుడు మొత్తం బయటికి తీసి, అడుగున 40 ఎం.ఎం. కంకర, దాని మీద 20 ఎం.ఎం., ఆపైన నైలాన్ మెష్ పరిచి 15 సెంటీమీటర్ల దొడ్డు ఇసుక వేయాలి. మెష్ లేని గుంత రెండేళ్లకు మించి పనిచేయడం అరుదు.

ఎలాగూ తీస్తున్నారు కాబట్టి కంకర తగ్గించి నడుమ సిమెంటు రింగులు దించమని మా సలహా. మీటరు లోపలి వ్యాసం ఉన్న రింగులు 2 మీటర్ల లోతు పేరిస్తే ఖాళీగా ఉండే చోటే సుమారు 1,570 లీటర్లు, చుట్టూ కంకరలో ఇంకో వెయ్యికి పైగా. రింగులకు పక్కల చిల్లులుండాలి, అడుగు మూయకూడదు. పైపు నేరుగా గుంతలోకి రాకుండా ముందు 60 సెంటీమీటర్ల తొట్టి ఒకటి కట్టి జాలీ పెడితే ఆకులు, మట్టి అందులోనే ఆగిపోతాయి. సీజన్ మొదటి వానలో డాబా కడిగిన నీళ్లు ఒక 200 లీటర్లు బయటికి పోయేలా పైపుకు అడుగున మూత అమర్చండి.

ఇదంతా చేసినా నిండితే నేలనే అనుమానించాలి. గుంత అడుగున 30 సెంటీమీటర్ల చిన్న గొయ్యి తీసి, నీరు పోసి ఇంకనిచ్చి, మళ్లీ నింపి గంట తర్వాత చూడండి. సెంటీమీటరు కూడా దిగకపోతే కింద బండో బంకమట్టో ఉంది. అలాంటి చోట గుంతను వెడల్పు చేసినా లాభం లేదు, నీళ్లను సంపులో పట్టుకుని వాడుకోవడం మంచిది. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వృథా పోగా మీ డాబా మీదే 75 వేల లీటర్ల పైచిలుకు నీళ్లు. ఆ నీటిని వడకట్టకుండా బోరులోకి వదలమని ఎవరు చెప్పినా వినకండి. వాకిలి కడిగిన నీళ్లయితే వడకట్టినా వద్దు.

హుద్‌హుద్‌లో మా వీధి చెట్లన్నీ పోయాయి. మళ్లీ నాటినవి కూడా చిన్న గాలికే ఒరిగిపోతున్నాయి. ఏ చెట్లు నాటాలి?
– అపార్ట్‌మెంట్ సంఘం, విశాఖపట్నం

2014 అక్టోబర్ 12న వచ్చిన ఆ తుపాను విశాఖ పచ్చదనాన్ని తుడిచిపెట్టింది. అయితే ఏ చెట్టు అన్న ప్రశ్న కంటే వేరుకు ఎంత చోటిస్తున్నాం అన్నది ముఖ్యం. ఒరిగిన మొక్కను ఒకదాన్ని పీకి చూడండి. వేళ్లు పాలిథిన్ సంచి ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి. నర్సరీలో సంచిలో ఎక్కువకాలం ఉన్న మొక్కకు ఇలా అవుతుంది. ఎన్నేళ్లయినా ఆ చుట్ట విడదు. నాటేముందు సంచి పూర్తిగా తీసి, వేరుముద్ద చుట్టూ నాలుగు చోట్ల కత్తితో నిలువుగా పైనుంచి కిందికి గీయాలి. కొత్త వేళ్లు అక్కడినుంచి బయటికి పోతాయి.

గొయ్యి మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. తీసిన మట్టి రెండు పాళ్లకు బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలపండి. కాండం నేలలో ఎంతవరకూ ఉందో అంతవరకే పాతాలి, లోతుగా పాతితే మొదలు కుళ్లుతుంది. రెండు ఊతకర్రలు అటూ ఇటూ పాతి, మొక్క ఎత్తులో మూడో వంతు దగ్గర వదులుగా కట్టండి. గాలికి కాస్త ఊగితేనే కాండం గట్టిపడుతుంది. ఏడాదికి ఊత తీసేయాలి. తీయడం మరిచిన తాడు, ఇనుప ట్రీగార్డు బెరడులోకి దిగిపోయిన చెట్లు అదే చోట విరుగుతాయి. మొదటి ఎండాకాలం వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 20 లీటర్లు పాదులో నింపండి. రోజూ ఒక మగ్గు పోస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి, గాలికి నిలవవు.

మొదలు చుట్టూ సిమెంటు వేయనివ్వకండి. చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఢిల్లీ విషయంలో ఆదేశించింది. ఆ మీటరు ఎక్కడైనా కనీసమే. కొత్త డ్రైనేజీ తవ్వేవాళ్లు ఒక పక్క వేళ్లన్నీ నరికేస్తే ఆ చెట్టు ఆ పక్కకు వ్యతిరేకంగా పడడం ఖాయం. తవ్వకం కాండానికి కనీసం 2 మీటర్ల దూరంలో జరగాలని ముందే రాతపూర్వకంగా అడగండి.

వెడల్పు రోడ్డుకు వేప, కానుగ, చింత, నేరేడు, పొగడ 8 నుంచి 10 మీటర్ల దూరంలో. కరెంటు తీగల కింద దేవకాంచనం, పారిజాతం, నందివర్ధనం లాంటి పొట్టివి 4, 5 మీటర్లకొకటి. తీగల కింద పెద్ద చెట్టు నాటితే విద్యుత్ సిబ్బంది ఏటా ఒక పక్కే కొట్టి బరువు తప్పిస్తారు. గుల్‌మొహర్, పచ్చతురాయి తొందరగా పెరుగుతాయి కానీ కొమ్మలు పెళుసు, ఇరుకు వీధికి పనికిరావు. మర్రి, రావి పెద్ద పార్కులకు వదిలేయండి. కోనోకార్పస్ మాత్రం ఎక్కడా వద్దు. వేళ్లు పైపుల్లోకి చొరబడతాయి, పుప్పొడితో అలర్జీ అని ఫిర్యాదులున్నాయి. గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది. తుపాన్ల కాలానికి ముందు, ఆగస్టు, సెప్టెంబర్‌లలో, గుబురుగా ఉన్న కొమ్మల్లో ఐదో వంతు దాకా లోపలినుంచి పలచన చేయించండి. తల నరికించకండి. నరికిన చోట వచ్చే కొత్త కొమ్మలకు పట్టు ఉండదు, మొదట విరిగేవి అవే.

మా కాలనీ చెరువు చుట్టూ నడకదారి, రాతిగోడ, ఫౌంటెయిన్ కట్టారు. అయినా వాసన పోలేదు, గుర్రపుడెక్క తగ్గలేదు. ఏం అడగాలి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

చెరువులోకి వచ్చేది వాననీరా మురుగా అన్నది అడగండి. వెయ్యి ఇళ్లు, ఇంటికి నలుగురు, ఒక్కొక్కరు రోజుకు 135 లీటర్లు వాడతారనుకుంటే అందులో 80 శాతం మురుగుగా మారుతుంది. అంటే రోజుకు 4.3 లక్షల లీటర్లు. అది వస్తున్నంతకాలం గుర్రపుడెక్క ఎంత తీసినా మళ్లీ అల్లుకుంటుంది, దాని తిండి మురుగులోని నత్రజని, భాస్వరమే. ఫౌంటెయిన్ పై నీళ్లకు కాస్త ఆక్సిజన్ ఇస్తుందంతే.

ఎండ కాస్తున్న రోజు తెల్లవారుజామున నాలాల మూతుల దగ్గరికి వెళ్లండి. వాన లేని రోజు పారే ప్రతి నాలా మురుగు నాలాయే. ఫొటోలు తీసి, పటం మీద గుర్తించి, ఒక్కొక్క దాన్నీ మళ్లింపు పైపులో కలపమని లేదా దారిలో శుద్ధి కేంద్రం పెట్టమని అడగండి. మళ్లించేటప్పుడు వాన నీరు కూడా మళ్లిపోయే ప్రమాదం ఉంది. అలా జరిగిన చెరువులు మురుగు ఆగినా ఎండిపోతాయి. పొడి రోజుల పారకం పైపులోకి, వాన పారకం నాలాకు అడ్డంగా వేసిన చిన్న గడప దాటి చెరువులోకి వెళ్లేలా కట్టాలి.

జమ్ము, తుంగ, మెట్టతామర నాటిన కంకర మడుగుల్లో మురుగును శుద్ధి చేయవచ్చు. మనిషికి ఒకటి నుంచి రెండు చదరపు మీటర్లు కావాలి, అంటే మీ వెయ్యి ఇళ్లకు ఒకటి నుంచి రెండు ఎకరాలు. అంత చోటు లేకపోతే యంత్ర శుద్ధి తప్పదు, మొక్కలు ఆ తర్వాతి మెరుగు కోసం. హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో వేసిన తేలే మొక్కల తెప్పల్లాంటివి కూడా మురుగు చాలావరకు తగ్గాకే ఫలితమిస్తాయి.

నిలువు రాతిగోడ చెరువుకు మంచిది కాదు. కప్ప, తాబేలు, కొంగ నిలబడడానికి లోతు తక్కువ అంచు కావాలి. కనీసం ఒక పక్క 1:5 వాలుతో మట్టి అంచు ఉంచమనండి. నడకదారి ఎఫ్‌టీఎల్ లోపల వేశారేమో కూడా చూడండి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల పటాలను తన వెబ్‌సైట్‌లో పెట్టింది. చుట్టూ దారి కోసం మీటర్ల కొద్దీ చెరువును పూడ్చి ఉంటే ఆ మేరకు నీరు పట్టే చోటు పోయినట్టే.

2024 వరదలో మా సింగ్‌నగర్ రోజుల తరబడి మునిగింది. చెట్లు, పార్కులు ఉంటే ఇది తప్పేదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

తప్పేది కాదు. పార్కులు, ఇంకుడు గుంతలు, పచ్చిక కాలువలు ఊరి మీద పడే వానను ఆపుతాయి, వాగు మోసుకొచ్చే వరదను ఆపలేవు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు మళ్లింపు కాలువ గట్లకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం. మళ్లింపు కాలువ కలవాల్సింది ఆ కృష్ణలోనే. నది నిండుగా ఉంటే కాలువ నీళ్లు వెనక్కి తంతాయి. బుడమేరు అసలు దారి కొల్లేరుకు, ఆ దారిలో ఇళ్లు పెరిగి వాగు ఇరుకైంది.

ఇలాంటి చోట పచ్చదనం ప్రణాళిక అంటే వాగుకు రెండు పక్కలా కట్టడాలు లేని పట్టీ. ఆటస్థలాలు, కూరగాయల తోటలు, నడకదారులు అందులో ఉండవచ్చు, ఏడాదిలో కొన్ని రోజులు మునిగినా నష్టం తక్కువ. ఇప్పటికే ఇళ్లున్న చోట ముందు ఆ కుటుంబాలకు పునరావాసం చూపాలి. పేదల ఇళ్లు తీసేసి దానికి పార్కు అని పేరు పెట్టడాన్ని మేం సమర్థించం. మీ సంఘం అడగదగినవి ఇవి: గట్ల తనిఖీ వానాకాలానికి ముందే జరిగిందా, మీ వీధి మట్టం వాగు మట్టంతో పోలిస్తే ఎంత, గేట్లు ఎత్తేముందు హెచ్చరిక ఎవరి ద్వారా వస్తుంది.

మా కాలనీ పార్కులో 300 గజాలు ఖాళీ ఉంది. మియావాకీ అడవి పెంచవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

పెంచవచ్చు. మియావాకీ అంటే స్థానిక మొక్కలను దగ్గరదగ్గరగా నాటి చిన్న చోటులోనే చిక్కని అడవి పెంచే పద్ధతి. 300 గజాలంటే 250 చదరపు మీటర్లు, చదరపు మీటరుకు 3 మొక్కల లెక్కన 750 కావాలి. మీటరు లోతు తవ్వి ఎరువు, ఊక కలిపి, స్థానిక జాతులు కనీసం 25, 30 రకాలు కలగలిపి నాటి, పైన వరిగడ్డి పరచాలి. రెండు మూడేళ్లు నీళ్లు పోసి కలుపు తీయాలి. ఆ బాధ్యత ఎవరిదో ముందే రాసుకోండి, రెండో ఎండాకాలంలో వదిలేసినవే ఎక్కువగా చస్తాయి. పిల్లలు ఆడే చోటైతే వద్దు, లోపలికి మనిషి పోలేనంత చిక్కగా అవుతుంది. చెరువు శిఖంలో, గడ్డి మైదానంలో అసలే వద్దు.

పై అంతస్తు వేడికి తట్టుకోలేకపోతున్నాం. డాబా మీద తోట వేయాలా, తెల్ల రంగా?
– ఒక పాఠకురాలు, వరంగల్

పాత ఇల్లయితే తెల్ల రంగు. మామూలుగా మనుషులు తిరిగే డాబాను చదరపు మీటరుకు 150 కిలోల అదనపు బరువుకు డిజైన్ చేస్తారు. తడిసిన తోటమట్టి 10 సెంటీమీటర్ల మందం పరిస్తేనే అంత బరువు దాటుతుంది. తోట కావాలంటే ఇంజనీరుకు చూపించి, కొబ్బరిపొట్టు కలిపిన తేలికపాటి మిశ్రమంతో, కుండీలను దూలాల మీదుగా, గోడల వెంట పెట్టుకోండి. కుండీల కింద ఇటుకలు పెడితే డాబా ఆరుతుంది. తెల్ల రంగుకు సున్నం సరిపోదు, ఒక్క వానాకాలంలో పోతుంది. కూల్ రూఫ్ పెయింట్ అని అడిగి, డాబా బాగా కడిగి ఆరాక, పగుళ్లు పూడ్చి రెండు కోట్లు వేయించండి. దుమ్ము పడితే చల్లదనం తగ్గుతుంది కాబట్టి మార్చిలో ఒకసారి కడిగించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, మీ మునిసిపాలిటీలో దాని వివరాలు అడగండి.